ఓటీపీ రెండోసారి కొట్టిన సాయంత్రం

2024 ఆగస్టు 10, రెండో శనివారం. స్కూలు లేదు, బ్యాంకూ లేదు. సాయంత్రం ఆరు దాటింది. వచ్చే శుక్రవారం వరలక్ష్మీ వ్రతం, ఏమేం తేవాలో చీటీ రాయమని మా ఆవిడ ఒక కాగితం నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లింది. నేను కాగితం పక్కన పెట్టి ఫోన్ చూస్తున్నాను. ఆదాయపు పన్ను శాఖ పేరుతో ఒక మెయిల్. మీకు 16,820 రూపాయల రీఫండ్ మంజూరైంది, బ్యాంకు వివరాలు కలవక జమ చేయలేకపోయాం, 24 గంటల్లో సరిచూసుకోకపోతే రద్దవుతుంది. కింద నీలం రంగు బటన్.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారిని. జూలై మూడో వారంలో రిటర్న్ వేశాను, రీఫండ్ నిజంగానే రావాలి. నా లెక్క ప్రకారం రావాల్సింది 11,340. మెయిల్లో 16,820 అని ఉంది. అనుమానం రావాల్సిన చోట సంతోషం వచ్చింది. నేను మర్చిపోయిన మినహాయింపు ఏదో వాళ్లే కలిపి ఉంటారనుకున్నాను. ఆదాయపు పన్ను శాఖ గురించి అంత మంచిగా ఆలోచించిన మనిషి మా జిల్లాలో నేనొక్కడినే అయ్యుంటాను.

బటన్ నొక్కితే పేజీ తెరుచుకుంది. అదే రంగులు, అవే మూడు సింహాలు. మొదట మెయిల్ ఐడీతో లాగిన్ అవ్వమంది, పాస్‌వర్డ్ కొట్టాను. కాసేపటికి ఫోన్ మీద 'లాగిన్ అవుతున్నది మీరేనా?' అని గూగుల్ అడిగితే అవును అని నొక్కాను. నేనే కదా మరి. తర్వాత పాన్, పుట్టినతేదీ, మొబైల్ నంబరు. ఆ తర్వాత డెబిట్ కార్డు నంబరు, గడువు తేదీ, వెనకున్న మూడంకెల సీవీవీ. డబ్బు ఇచ్చేవాడికి నా కార్డు సీవీవీ ఎందుకు అన్న ప్రశ్న ఆ క్షణాన నాకు రాలేదు. ఓటీపీ వచ్చింది. ఆ మెసేజ్‌లోనే '49,500 రూపాయల కొనుగోలుకు' అని ఉంది, తర్వాత చూశాను. అప్పుడు నా కళ్లకి ఆరంకెలు తప్ప ఇంకేం కనపడలేదు. కొట్టాను.

ఖాతాలోంచి 49,500 పోయినట్టు మెసేజ్ వచ్చింది. గుండె జారింది. పేజీ మీద మాత్రం ఒక పచ్చ అక్షరాల వాక్యం: పరిశీలన కోసం తీసుకున్న మొత్తం రీఫండ్‌తో కలిపి తిరిగి జమ అవుతుంది, పూర్తి చేయడానికి రెండో ఓటీపీ ఇవ్వండి. ఇచ్చాను. మొదటిది తిరిగి రావాలన్న ఆత్రంతోనే రెండోది ఇచ్చాను. ఇంకో 38,000 పోయింది.

అక్కడితోనూ ఆగలేదు. 'సర్వర్ బిజీగా ఉంది, పాన్, ఆధార్ ఫోటోలు ఈ మెయిల్‌కి రిప్లైగా పంపండి' అని వచ్చింది. పంపాను. 87,500 పోయాక కూడా ఎందుకు పంపావని తర్వాత చాలామంది అడిగారు. వాళ్లు చెప్పింది చివరిదాకా పూర్తిచేస్తే అంతా సర్దుకుంటుందని ఒక మొండి ఆశ ఉంటుంది. మోసపోయానని ఒప్పుకోవడం కంటే ఇంకో ఫోటో పంపడం తేలికగా అనిపించింది.

ఆ తర్వాత 40 నిమిషాలు నేనేం చేశానో చెప్పాలి, ఎందుకంటే పోయిన డబ్బులో పెద్ద భాగం అక్కడే పోయింది. ఏమీ చేయలేదు. గది తలుపు దగ్గరికేసి మంచం మీద కూచున్నాను. ఆ డబ్బు విజయవాడలో ఇంజనీరింగ్ చదువుతున్న మా అమ్మాయి ఫీజు కోసం పక్కన పెట్టింది. మా ఆవిడకి తెలియకుండా ఎలాగోలా సర్దేయొచ్చా, సొసైటీలో లోన్ పెట్టొచ్చా అని ఆలోచిస్తున్నాను. మధ్యలో బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్లో వెతికాను. మొదట కనిపించినది పదంకెల మామూలు సెల్ నంబరు. బ్యాంకువాళ్లు సెల్ నంబరు పెట్టుకుంటారా అన్న అనుమానం ఎలా వచ్చిందో వచ్చింది, చేయలేదు. ఆ సాయంత్రం నేను చేసిన ఒకే ఒక తెలివైన పని అదే. నకిలీ కస్టమర్ కేర్ నంబర్లు పెట్టి, కంగారులో ఉన్నవాళ్లను రెండోసారి దోచేవాళ్లు వేరే ఉంటారని తర్వాత తెలిసింది. అసలు నంబరు కార్డు వెనకాలే ఉంటుంది.

ఏడుంబావుకి మా ఆవిడ చీటీ అయిందా అని లోపలికొచ్చింది. నా మొహం చూసి, "ఏమండీ, ఎవరికైనా ఏమైనా అయిందా?" అంది. చెప్పేశాను. అరుస్తుందనుకున్నాను. స్టవ్ కట్టేసి వచ్చి, "ముందు బ్యాంకుకి ఫోన్ చెయ్యండి. తిట్టుకోవడానికి రాత్రంతా ఉంది" అంది.

కార్డు వెనకున్న నంబరుకి చేశాను. ఎవరో మనిషి పలికేలోపు రికార్డు గొంతు చాలాసేపు మాట్లాడుతుంది. అందులోనే కార్డు బ్లాక్ చేయడానికి ఒక అంకె ఉంది, ముందు అది నొక్కితే పని సగం అయినట్టే. తర్వాత మనిషి లైన్లోకి వచ్చాక రెండు లావాదేవీలూ నేను చేసినవి కావని ఫిర్యాదు రాయించి, నెట్ బ్యాంకింగ్ కూడా ఆపించాను. ఫిర్యాదు నంబరు, మాట్లాడిన టైము వ్రతం చీటీ మీదే రాసుకున్నాను. ఆ కాగితం ఇప్పటికీ ఫైల్లో ఉంది, ఒకవైపు పసుపు, కుంకుమ, తమలపాకులు. రెండోవైపు ఫిర్యాదు నంబర్లు.

తర్వాత 1930. ఇది సైబర్ ఆర్థిక మోసాలకి దేశమంతటా ఉన్న నంబరు, ఇంతకు ముందు 155260 ఉండేది. నాలుగుసార్లు బిజీ వచ్చింది, ఐదోసారి కలిసింది. అవతలి ఆవిడ జాలి మాటలేవీ లేకుండా గబగబా అడిగారు: పేరు, బ్యాంకు, ఖాతా నంబరు, ఎంత పోయింది, ఏ తేదీ, ఎన్ని గంటలకి, లావాదేవీ నంబరు. ఈ చివరిదే నా దగ్గర లేదు. బ్యాంకు మెసేజ్‌లో రిఫరెన్స్ అని ఉంటుంది, చదవండి అన్నారు. చదివాను. పది నిమిషాల్లో మెసేజ్ వచ్చింది, ఒక పెద్ద నంబరుతో. 24 గంటల్లో సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో ఆ నంబరుతో మిగతా వివరాలు పూర్తిచేయమన్నారు.

ఆ ఫోన్ వల్ల వెనకాల ఏం జరుగుతుందో అప్పుడు తెలియదు, తర్వాత స్టేషన్లో కానిస్టేబుల్ గారు చెప్పారు. మనం చెప్పిన వివరాలు ఒక టికెట్‌గా మన బ్యాంకుకి వెళ్తాయి. డబ్బు ఎక్కడికి వెళ్లిందో బ్యాంకు చూస్తుంది. అది ఇంకా ఆ ఖాతాలోనో ఆన్‌లైన్ వాలెట్లోనో ఉంటే అక్కడే ఆపేస్తారు. అప్పటికే దాటిపోతే టికెట్ కూడా ఆ తర్వాతి బ్యాంకుకి వెళ్తుంది, అలా డబ్బు వెనక టికెట్ పరిగెడుతుంది. డబ్బు ముందు బయల్దేరుతుంది కాబట్టి మనం ఎంత ఆలస్యం చేస్తే అది అన్ని చేతులు మారుతుంది. నా 49,500 అప్పటికే మూడు చోట్లు దాటి ఎక్కడో ఏటీఎంలో నోట్లయిపోయింది. 38,000లో 31,600 మాత్రం ఒక వాలెట్లో ఆగింది. మంచం మీద కూచున్న ఆ 40 నిమిషాలు లేకపోతే మొదటిది కూడా కొంత ఆగేదేమో.

ఎనిమిదిన్నరకి మా అమ్మాయికి ఫోన్ చేశాం. డబ్బు సంగతి విని ఒక్క క్షణం ఊరుకుంది. "నాన్నా, వాళ్లేమైనా యాప్ వేయించారా నీ ఫోన్లో?" అంది. లేదన్నాను. "సరే, మెయిల్ పాస్‌వర్డ్ ఇచ్చావా?" ఇచ్చాను. "అయితే డబ్బు కంటే ముందు అదే చూడాలి. అన్నిటికీ పాస్‌వర్డ్ మార్చుకునే దారి ఆ మెయిలే కదా." నేను ఆ మాయదారి మెయిల్‌ని డిలీట్ చేద్దామని దాని మీద వేలు పెట్టి ఉన్నాను. చెప్తే కయ్యిమంది. అదే సాక్ష్యం, ముట్టుకోవద్దు అంది.

మా ఆవిడ ఫోన్లోంచి నా మెయిల్ పాస్‌వర్డ్ మార్చాం. సెక్యూరిటీ పేజీలో 'మీ పరికరాలు' అని ఒకటుంది. అందులో నా ఫోన్‌తో పాటు ఒక విండోస్ కంప్యూటర్ కనపడింది, ఆరున్నరకి లాగిన్ అయినట్టు. మా ఇంట్లో కంప్యూటర్ లేదు. అప్పుడు అర్థమైంది 'మీరేనా?' అన్న ప్రశ్నకి నేను ఎవరి తరఫున అవునన్నానో. దాన్ని సైన్ అవుట్ చేశాం. రికవరీ ఫోన్ నంబరు, రికవరీ మెయిల్ మారలేదు, అదృష్టం. రెండంచెల లాగిన్ పెట్టాం. ఇక అయిపోయిందనుకుంటుంటే, "ఫిల్టర్లు కూడా చూడు నాన్నా" అంది. ఆ మాట వినడం అదే మొదటిసారి. అవి జీమెయిల్‌ని కంప్యూటర్‌లో తెరిస్తేనే కనపడతాయట. ఫోన్ బ్రౌజర్‌లో డెస్క్‌టాప్ సైట్ అని పెట్టుకుని, చీమల్లాంటి అక్షరాల మధ్య సెట్టింగ్స్ వెతికాను. ఒక ఫిల్టర్ ఉంది: మా బ్యాంకు పేరు ఉన్న మెయిల్ ఏది వచ్చినా నేరుగా చెత్తబుట్టలోకి. అది నేను పెట్టింది కాదు. రెండు డెబిట్‌లకీ బ్యాంకు పంపిన హెచ్చరిక మెయిళ్లు, కార్డు బ్లాక్ అయిన మెయిలూ అక్కడ పడి ఉన్నాయి. పాస్‌వర్డ్ మార్చినా ఆ ఫిల్టర్ పోదు, ఉంటూనే ఉంటుంది. మోసపోయినవాళ్లకి నేను ముందు చెప్పేది ఈ ఫిల్టర్ల గురించే, ఎందుకంటే పాస్‌వర్డ్ సంగతి ఎవరైనా చెప్తారు, దీని సంగతి ఎవరూ చెప్పరు. ఫార్వార్డింగ్ కూడా అక్కడే ఉంటుంది, మన మెయిళ్లన్నీ ఇంకెవరికో వెళ్లేలా పెట్టి ఉండొచ్చు. నాకైతే అది లేదు.

అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడెక్కడ వాడావని అడిగింది. చెప్పడానికి సిగ్గేసింది. అన్నిచోట్లా అదే.

ఆదివారం పొద్దున్నే నెట్ సెంటర్ తెరిపించి సైబర్ క్రైమ్ పోర్టల్ పని పూర్తిచేశాను. బ్యాంకు స్టేట్‌మెంట్, మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు, మెయిల్ ప్రింటు ఎక్కించాను. జీమెయిల్లో 'షో ఒరిజినల్' అని నొక్కితే మెయిల్ ఎక్కడినుంచి ఎలా వచ్చిందో మొత్తం వివరం వస్తుంది. పైన ఆదాయపు పన్ను శాఖ అని ఉన్నా, అక్కడ చూస్తే పంపిన చిరునామాకీ ఆ శాఖకీ సంబంధమే లేదు. ఆ వివరంతో సహా మెయిల్‌ని శాఖవారి వెబ్‌మేనేజర్ ఎట్ ఇన్‌కమ్‌టాక్స్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌కి పంపాను. నకిలీ మెయిళ్లు ఆ చిరునామాకి పంపమని వాళ్ల సైట్లోనే ఉంది. పిన్నులు, పాస్‌వర్డులు, కార్డు వివరాలు మెయిల్లో ఎప్పుడూ అడగమనీ అక్కడే ఉంది. 2023 ఆగస్టులో 15,490 రూపాయల రీఫండ్ అంటూ ఇలాంటి మెసేజే తిరిగితే అది అబద్ధమని కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం పీఐబీ వారి ఫ్యాక్ట్ చెక్ చెప్పింది కూడా. నేను అది చదివి ఉండాల్సింది. బహుశా చదివే ఉంటాను, ఎవరో అమాయకుల గురించి అనుకుని.

ఇక పంపిన ఆధార్, పాన్ సంగతి. పంపింది వెనక్కి తీసుకోలేం. ఎం-ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ చేశాను, వేలిముద్రతో ఎవరూ నా పేరున ఏదీ చేయకుండా. టెలికాం శాఖవారి సంచార్ సాథీ సైట్లో నా పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూశాను. మూడున్నాయి. రెండు నావి. మూడోది చూసి ఒళ్లు చల్లబడింది. అరగంట తర్జనభర్జన పడ్డాక తేలిందేమిటంటే, నాలుగేళ్ల కిందట మా అత్తగారికి నేనే తీసిచ్చిన సిమ్. పాన్‌తో ఎవరైనా అప్పు తీసుకుంటే తెలియాలంటే క్రెడిట్ రిపోర్టు, అంటే మన పేరున ఉన్న అప్పుల చిట్టా, చూసుకోవాలి. మన దేశంలో ఆ రిపోర్టులిచ్చే కంపెనీలు నాలుగున్నాయి, ఒక్కొక్కటీ ఏడాదికో పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. కాబట్టి నాలుగూ ఒకేసారి తీయకుండా మూడు నెలలకొకటి చొప్పున తీస్తున్నాను. ఇప్పటిదాకా నా అప్పులు నావే.

సోమవారం బ్యాంకుకి వెళ్లాను. రాసిన ఫిర్యాదు, 1930 మెసేజ్ కాపీ, డిస్ప్యూట్ ఫారం ఇచ్చి రెండో కాపీ మీద ముద్ర వేయించుకున్నాను. ముద్ర వేయడానికి కొంచెం నసిగారు, ఆన్‌లైన్లో ఇచ్చారు కదా అన్నారు. వేసేదాకా కదల్లేదు. మేనేజర్ గారు మర్యాదగానే కూచోబెట్టి, "మాస్టారూ, ఓటీపీ మీరే ఇచ్చారు, బ్యాంకు ఏం చేయగలదు?" అన్నారు. మా స్కూల్లో ఒక సహోద్యోగి రిజర్వు బ్యాంకు 2017 జూలై 6 సర్క్యులర్ చూడమంటే ఆదివారం రాత్రే చదివి వెళ్లాను. మన తప్పు, బ్యాంకు తప్పు రెండూ లేకుండా డబ్బు పోయి, మూడు పనిదినాల్లోపు చెప్తే మనకి నష్టం లేదని అందులో ఉంది. కానీ మనమే వివరాలు ఇచ్చేసి ఉంటే, బ్యాంకుకి చెప్పేదాకా జరిగిన నష్టం మనదే. చెప్పిన తర్వాత జరిగేది బ్యాంకుది. అంటే నా కేసులో ఆయన చెప్పిందే రూలు. ఒప్పుకోడానికి కష్టమైంది గానీ, చదివినవాణ్ణి కాబట్టి వాదించలేకపోయాను. నా తర్వాత ఇలా వచ్చేవాళ్లెవరైనా ఓటీపీ ఇవ్వకుండానే డబ్బు పోగొట్టుకుని ఉంటే మాత్రం అదే మాట విని వచ్చేయకూడదు. 30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోయినా, జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి పెట్టుకోవచ్చు, ఖర్చు లేదు. నేను పెట్టలేదు. బ్యాంకుకి ఫిర్యాదు చేసిన క్షణం నుంచి నా ఖాతాలోంచి రూపాయి పోలేదు, ఇంక దేని మీద పెట్టను?

సెప్టెంబరు మొదట్లో ఒక ఫోన్. "సైబర్ సెల్ నుంచి మాట్లాడుతున్నాం సార్, మీ ఫిర్యాదు మా దగ్గరుంది." ఎంత పోయిందో, ఏ తేదీనో అన్నీ కరెక్టుగా చెప్పాడు. మొత్తం 87,500 దొరికిందట, ప్రాసెసింగ్ కింద 2,500 కడితే రేపే ఖాతాలో పడుతుందట. నా చేయి అప్పటికే చొక్కా జేబులోకి, కొత్త కార్డు మీదికి వెళ్లింది. అబద్ధం చెప్పను, వెళ్లింది. మా ఆవిడ ఫోన్ లాక్కుని, "స్టేషన్‌కే వచ్చి కడతాం బాబూ, ఏ స్టేషనో చెప్పు" అంది. కట్ చేశాడు. ఆ వివరాలు వాడికి ఎలా తెలిశాయంటే, డబ్బు తీసుకున్నవాళ్ల దగ్గర ఉంటాయి కదా అన్నారు కానిస్టేబుల్ గారు, ఏ మాత్రం ఆశ్చర్యపోకుండా.

ఆగిన 31,600 దానంతటదే ఇంటికి రాదు. వాలెట్ కంపెనీ వదలాలంటే నాకు కోర్టు ఉత్తర్వు కావాల్సి వచ్చింది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 457, ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 503వ సెక్షన్ కింద మెజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్. దానికి స్టేషన్ నుంచి, ఫలానా మొత్తం ఫలానా చోట ఆగి ఉందని రిపోర్టు. నాలుగుసార్లు సెలవు పెట్టాను. ఒకసారి కేసు దర్యాప్తు చేసే ఐఓ గారు బందోబస్తుకి వెళ్లారు, ఒకసారి కోర్టు వాయిదా, ఒకసారి ఆధార్ జిరాక్స్ మీద సంతకం లేదని వెనక్కి. ఆధార్ జిరాక్స్ ఇమ్మన్నప్పుడు నా చేయి ఒక్క క్షణం ఆగడం చూసి గుమాస్తా నవ్వాడు. ఆ డబ్బు ఇంకెవరైనా తమదని రుజువు చేస్తే తిరిగి ఇస్తానని బాండు రాసిచ్చాను. 2025 జనవరిలో ఉత్తర్వు, ఫిబ్రవరిలో డబ్బు. మిగిలిన 55,900 రాలేదు. ఫీజుకి సొసైటీ లోన్ పెట్టాను, ఇంకా కడుతున్నాను.

స్టాఫ్ రూమ్‌లో చెప్పకూడదనుకున్నాను. సెలవులకి కారణం చెప్పాల్సొచ్చి చెప్పాను. మొదటి రోజు జోకులు, అవి సహజం. సాయంత్రం సైకిల్ స్టాండు దగ్గర ఒక టీచరమ్మ ఆగి, "మాస్టారూ, ఆ ఫిల్టర్లు ఎక్కడ చూడాలన్నారు?" అని మెల్లగా అడిగారు. ఎందుకని నేను అడగలేదు. ఫోన్ తీసి చూపించాను.

రీఫండ్ మాటకొస్తే, అది సెప్టెంబరు చివర్లో వచ్చింది. 11,340, నా లెక్క సరిగ్గానే ఉంది. దానికి రెండు రోజుల ముందు శాఖ నుంచి అసలైన మెయిల్ కూడా వచ్చింది, 143(1) ఇంటిమేషన్ అని, అంటే నా రిటర్న్ లెక్క సరిచూశామన్న కాగితం, పాన్, పుట్టినతేదీ కలిపి కొడితేగానీ తెరుచుకోని పీడీఎఫ్‌తో. నేను దాన్ని ముట్టుకోలేదు. ఇ-ఫైలింగ్ సైటు అడ్రసు చేత్తో టైపు చేసి, లోపలికెళ్లి అదే కాగితాన్ని అక్కణ్నుంచి దించుకున్నాను. ఆ మెయిల్ ఇంకా తెరవకుండా, బొద్దు అక్షరాల్లో నా ఇన్‌బాక్స్‌లోనే ఉంది. అసలుదేనని తెలుసు. అయినా తెరవలేదు.